మిట్ట చేను చావలేదు

లుసికిసికి, నది లోయ, దక్షిణాఫ్రికా
సెప్టెంబరు 3

నోలుందీ తల్లీ,

కోడలిగా ఈ ఇంటికి వచ్చిన రోజున నీకు ఈ పేరు పెట్టింది నేనే కాబట్టి దానితోనే మొదలుపెడుతున్నాను. రాస్తున్నది తెంబిలే మాస్టారు, చెబుతున్నది నేను. ఆయన తన మర్యాదలు మధ్యలో చేర్చకుండా ప్రతి ముక్కా తిరిగి చదివించుకుంటున్నాను. ఫోన్‌లో చెప్పొచ్చు కదా అంటావు. ఫోన్‌లో అయితే నాకు సరిగ్గా కోపం వచ్చే సమయానికి నీకు బస్సు వస్తుంది. పైగా ఆ కంపెనీవాళ్ళు వచ్చినప్పుడు వాళ్ళ మాటలన్నీ కాగితం మీద ఉన్నాయి, నా మాటలు మాత్రం వాకిట్లో కోళ్ళు విన్నాయి. ఈసారి నావీ కాగితం మీద ఉండాలి.

నువ్వు పంపిన కబురు అందింది. "అత్తయ్యా, మూడేళ్ళుగా పంట కుళ్ళిపోతూనే ఉంది. ఈ ఏడు గంజాయి వేయొద్దు. మిట్ట కంపెనీకి ఇచ్చేద్దాం, మీ మోకాళ్ళకీ విశ్రాంతి" అన్నావు. నా మోకాళ్ళ సంగతి నీకెవరు చెప్పారు? డెబ్భై ఆరేళ్ళుగా అవి నావి. విశ్రాంతి కావాలంటే అవే అడుగుతాయి.

పోయిన మంగళవారం ఫూరీ అనే గడ్డం మనిషి వచ్చాడు, కంపెనీ తరఫున. తెల్లవాడే అయినా ఇక్కడి పొలాల్లో పెరిగాడట, మన భాష బాగానే మాట్లాడతాడు. లోయలో మన చేలోకి దిగి, చేతిలో సబ్బు బిళ్ళంత యంత్రం పట్టుకుని దానికేసి చూసి తల ఊపాడు.

"అమ్మమ్మా, ఎనభై ఎనిమిది" అన్నాడు.

"ఎనభై ఎనిమిది ఏమిటి నాయనా, మేకలా?"

"గాలిలో తేమ. నూటికి ఎనభై ఎనిమిది. ఇంత తేమలో ఆరుబయట గంజాయి పండదు. పూత లోపల బూజు పట్టి కుళ్ళుతుంది. ప్లాస్టిక్ ఇల్లు కట్టి, లోపల ఫ్యాన్లు పెట్టి పెంచాలి."

"మీ తాత పుట్టకముందు నుంచీ ఇక్కడ ఆరుబయటే పండుతోంది. అప్పుడంతా తేమ సెలవు మీద ఉండేదా?"

అతను నవ్వాడు. చెడ్డవాడు కాదు, అదే నాకు ఎక్కువ ఒళ్ళు మండించింది. చెడ్డవాడైతే కుక్కని వదిలేదాన్ని. ఆ ప్లాస్టిక్ ఇళ్ళు ఎక్కడ కడతావని అడిగితే, పైన రోడ్డు పక్కన ఉన్న మన మిట్ట చూపించాడు. "అది ఎలాగూ ఖాళీగా పడి ఉంది కదా అమ్మమ్మా. పోలీసులు చల్లిన మందుకి నేల చచ్చిపోయిందని మీ కోడలే చెప్పారు. మేము కుండీల్లో పెంచుతాం, నేలతో పని లేదు." ముప్ఫై ఏళ్ళకి కౌలు. ముప్ఫై ఏళ్ళ తర్వాత నాకు నూట ఆరు.

నా మామగారు దున్నిన మిట్ట అది. ఆయన పేరు నేను నోటితో అనకూడదు, మాస్టారికి తెలుసు, అందుకే అడగడం మానేశాడు.

నాకు అర్థం కానిది ఒకటుంది. మేము పెంచితే ఆకాశంలోంచి హెలికాప్టర్ వచ్చి మందు చల్లింది. మొక్కజొన్న పోయింది, గుమ్మడి పోయింది, వాటితో పాటే గంజాయీ పోయింది. ఆడవాళ్ళు చేల్లో బోర్లా పడుకుని కొంగులు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు. ఇప్పుడు అదే మొక్కని కంపెనీ పెంచితే దాని పేరు వ్యవసాయం. చట్టం మారిందట, పెరట్లో సొంతానికి నాలుగు మొక్కలు పెంచుకోవచ్చట. సరే, మారనీ. నాకెవరూ క్షమాపణ చెప్పలేదు. పైగా ఇప్పుడు వచ్చి, నీకు పెంచడం రాదమ్మా అంటున్నారు.

నాకు పెంచడం రాదట. మొక్కకీ మొక్కకీ మధ్య ఆవు ఒళ్ళు తగలకుండా నడిచేంత ఎడం ఉండాలి. కింది కొమ్మలు మోకాలి ఎత్తుదాకా తీసేయాలి. వాన వెలిసిన వెంటనే కర్రతో ఒక్కొక్క మొక్కనీ తట్టి నీళ్ళు దులపాలి. నగరం గింజలకి బొద్దుగా, బిగువుగా పూత వస్తుంది, చూడటానికి బాగుంటుంది, వేలితో నొక్కితే లోపల బూడిద. మన గింజ పూత సన్నగా, పొడవుగా, వదులుగా ఉంటుంది, గాలి లోపలి నుంచి దూరిపోతుంది. ఇదంతా నేను ఏ యంత్రాన్ని చూసి నేర్చుకున్నాను?

ఇరవై నాలుగో తేదీన గ్రామపెద్ద ఇంటి ముందు సభ. నేల నా కొడుకు లుంగిసా పేరున ఉంది, వాడు పోయాక అది నీ చేతిలో ఉంది. నీ సంతకం లేకుండా వాళ్ళు ఒక గుంజ కూడా పాతలేరు. సంతకం పెట్టకు. గింజ అక్టోబరు దాటకముందే నేలలో పడాలి.

నీ అత్త,
మాంబోతో
(వేలిముద్ర)


సెప్టెంబరు 15

నోలుందీ,

నీ ఉత్తరం మాస్టారు రెండుసార్లు చదివాడు. రెండోసారి నేను అడగలేదు, ఆయనే చదివాడు, నా మొహం చూసి నాకు వినబడలేదనుకున్నాడు. వినబడింది. సంతకం ఆగస్టులోనే పెట్టేశావు. డర్బన్‌లో నువ్వు వంట చేసే ఆస్పత్రికే కాగితం తెచ్చి పెట్టించుకున్నారు.

మొదట నిన్ను తిట్టిన తిట్లు మాస్టారు రాయనన్నాడు. ఒకటి మాత్రం రాయమన్నాను, అది కూడా కొట్టేశాడు. సరే.

తిట్టడం అయ్యాక నువ్వు అడిగిన ప్రశ్న మిగిలింది. "నేల చచ్చిపోయిందని ఇరవై రెండేళ్ళుగా చెబుతున్నది మీరే కదా అత్తయ్యా, ఇప్పుడెలా బతికింది?"

అది చావలేదు. మందు చల్లిన మరుసటి ఏడే మిట్ట మీద గడ్డి నడుమెత్తు లేచింది. ఆ ఏడు మేము మళ్ళీ వేశాం, చక్కగా పెరిగింది, నువ్వు అప్పుడే కొత్తగా వచ్చావు, నీళ్ళు మోశావు. ఆ డిసెంబరులోనే కదా లుంగిసాని పోలీసులు మిట్ట మీద పట్టుకున్నారు.

ఆ రోజు పొద్దున్న నేను లేవకముందే వాడు వెళ్ళిపోయాడని నీకు చెప్పాను. పోలీసులకీ చెప్పాను, పాస్టరుకీ చెప్పాను, చెప్పీ చెప్పీ నేనే నమ్మడం మొదలుపెట్టాను. అలా జరగలేదు. వాడు పొయ్యి దగ్గర కూర్చుని గంజి తాగుతున్నాడు.

"అమ్మా, రోడ్డు మీద బండ్లు తిరుగుతున్నాయి. ఇవాళ వద్దు, రేపు వెళ్తాను" అన్నాడు.

"రేపటికి మగ మొక్కలు పుప్పొడి దులిపేస్తాయి, ఇవాళే పీకేయాలి. గింజ పట్టిన పంట ఎవడు కొంటాడు? పెళ్ళాం వచ్చాక నీకు బద్ధకం ఎక్కువైంది. లే" అన్నాను.

గంజి సగంలో వదిలి లేచాడు. మూడేళ్ళు లోపల ఉండి దగ్గుతో వచ్చాడు, రెండో చలికాలం దాటలేదు. దగ్గు వాణ్ణి తీసుకుపోయిందని అందరూ అన్నారు, నేనూ అన్నాను. ఆ మాట నీ దగ్గర దాచి, నీ చేతి వంట పదకొండేళ్ళు తిన్నాను.

ఆ తర్వాత మిట్టకేసి చూడలేకపోయాను. మందు మెల్లగా లోపలికి దిగి నేల చచ్చిందని చెప్పేశాను. ఆ మాట అంటే ఎవరూ రెండో ప్రశ్న వేయరు. చేనుని లోయలోకి దించాను, రోడ్డుకీ కనబడకుండా, ఆకాశానికీ కనబడకుండా, చెట్ల కింద, నీళ్ళ పక్కన. సముద్రం నుంచి వచ్చే మంచు అక్కడికి దిగితే పొద్దున్న పది గంటలదాకా కదలదు. మిట్ట మీద అయితే ఎండ ఎక్కేసరికి గాలి వచ్చి తుడిచేస్తుంది, మామగారు అక్కడే ఎందుకు వేశారో నాకు తెలియక కాదు. తెలిసే దించాను. మొదట్లో వానలు తక్కువ, గడిచిపోయింది. ఈ మూడేళ్ళ వానకి మన గింజ కూడా తట్టుకోలేకపోయింది.

కాబట్టి ఫూరీ యంత్రం అబద్ధం చెప్పలేదు. అతను నేను దాక్కున్న చోట కొలిచాడు, అంతే. నా భయం చేను ఎక్కడుండాలో నిర్ణయించింది, ఆ చేను చూసి అతను ఈ దేశంలో గంజాయి పండదని నిర్ణయించాడు, నా అబద్ధం నమ్మి నువ్వు మంచి నేల ఇచ్చేశావు. ఎవరి మీద కోప్పడాలో తెలియక పొద్దున్నుంచీ మేకల్ని తిడుతున్నాను.

సభలో ఇంటి పెద్ద లేచి అడ్డం చెబితే గ్రామపెద్ద కాగితం వెనక్కి పంపాలి, అది మన పద్ధతి. కానీ నేను నా అంతట లేవను. నీ మొగుణ్ణి పంపింది నేను. ఆ నేల గురించి నోరెత్తే హక్కు నాకుందని నువ్వు అంటేనే ఉంది. లేవమంటే లేస్తాను. వద్దంటే ఈ ఏడు గింజ వేయను, ఇక ఏ ఏడూ వేయను, వాళ్ళ ప్లాస్టిక్ చూస్తూ కూర్చుంటాను. ఇరవై నాలుగుకి ముందే చెప్పు.

మాంబోతో
(వేలిముద్ర)


నవంబరు 2

నోలుందీ,

నువ్వు ఎంత గడుసుదానివే.

నీ జవాబు ఇరవై మూడున, చీకటి పడబోతుండగా బస్సు డ్రైవరు చేతికిచ్చి వెళ్ళాడు. మాస్టారు కళ్ళజోడు తుడుచుకుని చదివాడు. "జైలుకి మొదటిసారి చూడటానికి వెళ్ళినప్పుడే ఆయన చెప్పారు, మీరే పంపారని. మీ మీద కోపం లేదన్నారు. నాకుంది. మీ నోటితో మీరే చెప్పాలని ఇన్నేళ్ళూ ఎదురుచూశాను. వెళ్ళి లేవండి." అంతే రాశావు.

పదకొండేళ్ళు ఒకే కుండలో తిన్నాం. నేను ఆ అబద్ధం చెప్పిన ప్రతిసారీ నువ్వు తల వంచుకుని చిక్కుళ్ళు ఏరేదానివి. సిగ్గరి పిల్ల అనుకునేదాన్ని. ఒక్కసారి కసురుకుని ఉంటే నాకు ఇరవై ఏళ్ళు కలిసొచ్చేవి కదా. ఈ కోపం నేను చచ్చేదాకా ఉంచుకుంటాను, నీది కూడా నువ్వు ఉంచుకో. సమానంగా ఉంటుంది.

సభ సంగతి చెబుతాను. ఫూరీ బోర్డు తెచ్చి బొమ్మలు అతికించాడు. కాగితం మీద ముద్ర వేయడానికి గ్రామపెద్ద సిద్ధంగా ఉన్నాడు. లేచాను.

"మాంబోతో, నువ్వేం మాట్లాడతావు? ఆ నేల చచ్చిందని ఇన్నేళ్ళూ చెప్పింది నువ్వే కదా" అన్నాడు.

"చెప్పాను. అబద్ధం చెప్పాను. భయపడి చెప్పాను" అన్నాను. లుంగిసా సంగతి కూడా చెప్పాను, నీకు రాసినట్టే, గంజితో సహా. ఆ తర్వాత చేను లోయలోకి ఎందుకు దించానో చెప్పాను.

అప్పుడు నది అవతలి మాగాతా లేచింది. మన దూడని తనదేనని దబాయించిన మనిషి, తొమ్మిదేళ్ళుగా మాటల్లేవు. "మా ఎగువ చేనూ చావలేదు" అంది. "రోడ్డు మీద బండి చప్పుడు వింటే నాకు విరేచనాలయ్యేవి, అందుకే కిందికి దిగాను." జనం నవ్వారు. ఆ నవ్వు అయ్యేలోపు ఇంకో ఇద్దరు లేచారు. ఊళ్ళో సగం చేలు అలాగే చచ్చాయట, సగం మంది ఆడవాళ్ళు అదే అబద్ధం చెప్పారట. ఎవరికి వారు తామొక్కరే అనుకున్నారు.

ఫూరీ చేయెత్తాడు. "మిట్ట మీద ఒకసారి కొలవనిస్తారా?" అని అడిగాడు. మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి తీసుకెళ్ళాను. యంత్రం చూసి, విదిలించి, మళ్ళీ చూశాడు. గాలికి అతని టోపీ ఎగిరి పక్కనే ఉన్న మాగాతా ఎగువ చేను కంచెలో పడింది. ఎంతో చెప్పమంటే టోపీ తెచ్చుకోవడానికి పోయాడు. గ్రామపెద్ద కాగితం వెనక్కి పంపాడు. వాళ్ళు ఇంకో ఊరు చూసుకుంటారు, అక్కడ అబద్ధం చెప్పని ముసలమ్మలు ఉన్నారేమో.

గింజ పోయిన గురువారం వేశాను. నాలుగు మొక్కల లెక్క నాకు పట్టదు, మామగారు వేసినంత మేరా వేశాను. ఆవు నడిచే ఎడం. పన్నెండు వరుసలయ్యాక రోడ్డు మీద పోలీసు బండి ఆగింది. కుర్ర పోలీసు అద్దం దించాడు.

"అమ్మమ్మా, ఏం వేస్తున్నావు?"

"నువ్వు అనుకుంటున్నదే."

"సొంతానికా, అమ్మకానికా?"

"మోకాళ్ళకి."

"ఎన్ని మోకాళ్ళున్నాయి నీకు? మిట్టంతా వేశావు."

"నాకు రెండే. ఊళ్ళో ముసలమ్మలు చాలామంది."

వాడు నవ్వలేదు. పుస్తకం తీసి పేరడిగాడు. చెప్పాను. ఇంటిపేరు అడిగాడు, మామగారిది కాబట్టి అది మాత్రం పక్కింటివాళ్ళని అడిగి రాసుకోమన్నాను. "ఇక్కడి తేమకి ఇది కుళ్ళిపోతుందని చెబుతారు కదా" అన్నాడు, పుస్తకం మూస్తూ. "దిగి ఇక్కడ నిలబడు, గాలి తగులుతుందో లేదో నువ్వే చెప్పు" అన్నాను. దిగలేదు. అద్దం ఎక్కించుకుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ రావచ్చు. ఈసారి కాగితంతో రావచ్చు, పీకించవచ్చు, నన్ను తీసుకుపోవచ్చు. చట్టం ఎటు మారుతుందో మాస్టారికే అర్థం కావడం లేదు, నాకేం అర్థమవుతుంది. అయితే ఈసారి ఎవర్నీ పంపలేదు. నేనే వెళ్ళాను, నేనే వేశాను, నా పేరే చెప్పాను. బండి కొండ మలుపు తిరిగాక చూసుకుంటే, నేను నిలబడే ఉన్నాను. ఎప్పుడూ బండి చప్పుడు వింటే చేలో చతికిలబడిపోయేదాన్ని, అది నా మోకాళ్ళ వల్ల అనుకునేదాన్ని.

నిన్ను రమ్మని అడగను, నీ ఉద్యోగం నీకుంది, నీ కోపం నీకుంది. రావాలనిపిస్తే మాత్రం నదిదాకా దిగి వెతుక్కోనక్కర్లేదు. రోడ్డు మీద బస్సు దిగి తల ఎత్తు. చేను అక్కడే కనబడుతుంది.

నీ అత్త,
మాంబోతో
(వేలిముద్ర)