వాగు అవతలి మెసేజ్

బుధవారం, ముసురు

టేకులపల్లి అవతలి గూడేనికి బయలుదేరిన మా దవాఖానా బండి ఇవాళ వాగులో ఇరుక్కుంది. డ్రైవర్ యాకయ్య, నర్సు నడుంలోతు నీళ్ళలో ఎలాగో ఒడ్డుకు చేరారు. వాగు పొంగింది, బండి పంపొద్దని గూడెం ఆశా కార్యకర్త సమ్మక్క పొద్దున్నే ఎస్సెమ్మెస్ పెట్టిందట. ఆఫీసు టీమ్ చాట్‌లో మేం రాసేది ఆమె చిన్న ఫోన్‌కు ఎస్సెమ్మెస్‌గా దానంతటదే వెళ్తుంది. ఆమె జవాబు మాత్రం ఎవరూ తెరవని ఇన్‌బాక్సులో పడి ఉంటుంది.

ఆఫీసు కంప్యూటర్లు చూసే నేను, జవాబులు కూడా చాట్‌లోకి వచ్చేట్టు కలుపుతానంటే మేనేజర్ సార్ తల పట్టుకున్నారు. "అన్ని గూడేల మెసేజ్‌లు వచ్చి పడితే గ్రూపు ఏం గావాలె?"

"పడనీయండి సార్. బండి వాగుల పడుడుకంటే నయమే కదా," అన్నాను.

సాయంత్రానికి సమ్మక్క గూడెం ఒక్కటి కలిపేశాను. ఒక మెసేజ్ పెట్టి చూడమని సమ్మక్కకు ఫోన్ చేశాను. కాసేపటికి చాట్‌లో పడింది: "గిప్పుడన్న మా మాట ఇనవడ్తుందా?"

నేను జవాబు రాసేలోపే, దుప్పటి కప్పుకుని కూర్చున్న యాకయ్య రాశాడు: "అవ్ సమ్మక్కా, ఇనవడ్డది."

గాలివానకు టవరే పోతే ఏం చేయాలో ఇంకా తోచడం లేదు. రేపు మాత్రం మిగతా గూడేలన్నీ కలుపుతాను, సార్ ఒప్పుకున్నా, ఒప్పుకోకున్నా.