వరుస మార్చిన చోటు

బుధవారం, కోరుట్ల

నా సమీకరణానికి ఉన్న సాధనలన్నీ సున్నాకు పైకీ కిందికీ ఊగుతూనే ఉంటాయని నిరూపించాలి. మూడేళ్లుగా అదే నా పీహెచ్‌డీ. మధ్యాహ్నం గైడ్ సారు ఫోన్ చేశారు.

"రెండు ఇంటిగ్రేషన్ల వరుస మార్చినవు. ఊగే ప్రమేయానికి గట్ల మార్చొచ్చని ఎవరు చెప్పిండ్రమ్మా?"

మళ్లీ చూసి పంపుతానన్నాను. థీసిస్ ఇవ్వాల్సిన గడువు ఈ నెలాఖరే.

కాలేజీ నుంచి వచ్చేసరికి అమ్మ బీడీలు చుడుతోంది. సంగతి చెప్పాను.

"గదంత నాకెర్కలేదు బిడ్డా. ఒకపారి మొదటికెల్లి సదువు, ఇంటా" అంది.

అమ్మకు అర్థం కాదని తెలిసీ చదివాను. ఊగని సాధన ఉందనుకొని మొదలుపెట్టి, అది కుదరదని చూపడమే నా పద్ధతి. "ఊగని సాధన ఒకటి ఉందనుకుందాం. అయితే కొంత కాలం దాటాక అది ఎప్పుడూ ధనాత్మకమే..." అక్కడే ఆగిపోయాను. నేను వరుస మార్చింది ఆ కాలం దాటాకే. అక్కడ ఊగేదేమీ లేదు. అంతా ధనాత్మకమైనప్పుడు ఏ ఇంటిగ్రేషన్ ముందు చేసినా విలువ మారదు.

"ఏమైందే, ఆపినవ్?"

"తప్పు చెయ్యలేదమ్మా. ఎందుకు చేసిన్నో రాసుడు మరిచిన."

వెంటనే ఒక పేజీ రాసి సారుకు పంపాను. "గిది సరే. సాధన ఋణాత్మకమైతే?" అని మెసేజ్ పెట్టారు. నిజమే, ఆ సగం మిగిలే ఉంది. ప్లస్, మైనస్ గుర్తు మార్చి చూస్తే కుదురుతుందనుకుంటున్నాను, కుదరకపోతే...

రేపు పొద్దున్నే కూర్చుంటాను. వరుస ఎందుకు మార్చవచ్చో ముందు రాస్తాను. ఆ తర్వాతే మారుస్తాను.