పురుగులు ఆకు తినే చప్పుడు

రామలక్ష్మమ్మా,

నువ్వు నీళ్లకు పోయినావు, బొగ్గుతో నడిచే బస్సు వచ్చే వేళయింది. పురుగులు గూడు కట్టుకునే చంద్రికలు బాడుగకు తెచ్చేదానికి చింతామణికి పోతున్నాను. పట్టుపురుగులకు ఇంకా జ్వరం నిద్ర విడవలేదు. అన్నీ పాత చర్మం వదిలి లేచేదాకా ఆకు వేయొద్దు. ఎండెక్కగానే వాకిలికి కట్టిన గోనెపట్ట తడుపు.

ఇవన్నీ నీకు నేను చెప్పడమేమిటి! తప్పు చేసింది నేను. నిన్న పేపర్లో యుద్ధం వార్తలు చదువుకుంటూ, పురుగులకు జ్వరం పట్టింది చూడకుండా మూడు తట్టల నిండా ఆకు పోసినాను. అవి తినే చప్పుడు నిలిచిపోయిందని పొయ్యి దగ్గరున్న నీకు తెలిసింది, పక్కనే కూర్చున్న నాకు తెలియలేదు. “యాడో బాంబు పడితే తెలుస్తాది నీకు, ఇంట్లో ఏం జరుగుతాండాదో తెలీదు కదప్పా!” అంటూనే, అవి ఆకు కింద ఉక్కిపోకుండా ఒక్కొక్క ఆకూ ఏరి తీసినావు. ఈ పంట దక్కితే నీ వల్లనే.

పక్కన కూర్చుని నీ చేతులు చూసినాను. ఆకు గిల్లి గిల్లి బొటనవేలు నల్లబడి పగిలిపోయింది. అట్లా పగిలి ఎన్నాళ్లయిందో, నీ మొగుణ్ణయి ఉండీ చూసుకోలేదు. సాయంత్రం వచ్చినాక ఆముదం వెచ్చబెట్టి నేనే రాస్తాను.

పేపరు ఖాళీ తట్టలో పరిచినాను. అంచు చించి ఇది రాస్తున్నాను. ఇకమీద పురుగుల దగ్గరికి పేపరు తేను.

మొన్నటి పుంటికూర పులుసు బాగుండింది. రెండుసార్లు అడిగి వేయించుకున్నాను గానీ ఆ మాట నీతో చెప్పలేదు.