నాకే వద్దనిపించిన కానుక

ఆదివారం, కోవిల్‌పట్టి

ఈ రోజు విరుదునగరులో, నా భార్య రోజీ పుట్టింటివాళ్ల చర్చిలో, ఆమె పోయిన ముప్పయ్యవ రోజు పూజ జరిగింది. పీఠం దగ్గరికి కానుకలు తీసుకెళ్లే వరసలో, ఫాదర్ పూజలో ఆశీర్వదించే అప్పాల పళ్లెం నేను పట్టుకున్నాను. ఉపదేశి మైకులో ఒక్కొక్క కానుకకూ తమిళంలో అర్థం చెబుతున్నాడు. నా వంతు రాగానే, "భార్యను పోగొట్టుకున్న ఈ సోదరుడు తన జీవితాన్ని దేవునికి తిరిగి అర్పిస్తున్నాడు" అన్నాడు. సగం దారిలో నా కాళ్లు ఆగిపోయాయి.

రోజీ చర్చికి ఎప్పుడూ మేలైన మునక్కాయలే ఏరి పంపేది. వంకరవి మా కూరకు. నేను తెచ్చింది పొద్దున లేవాలనిపించని బతుకు. నాకే వద్దనిపించినదాన్ని కానుక అనవచ్చా?

"నడువు బావా, ఫాదరు నిల్చుకోనుండారు," అని వెనక నుంచి మరదలు స్టెల్లా గొణిగింది. "అక్క చూసుంటే నగి ఉండును."

నడిచాను. పళ్లెం ఫాదర్ చేతికిచ్చాను. నేను ఆగింది భక్తితోనని అందరూ అనుకున్నారు.

ఇంటికొచ్చి ప్రార్థనలో, ఉపదేశి అన్న ఆ మాట నా అంతట నేను అనబోయాను. నోరు రాలేదు.

ప్రభువా, ఈ రోజు ఇచ్చేశానని అనుకోవద్దు. బతకాలని నాకు ఒక్క రోజైనా అనిపిస్తే, ఆ రోజు నేనే తెచ్చి ఇస్తాను. అనిపించకపోతే...