అక్కకి టేపు అక్కర్లేదు

ఫిబ్రవరి 12

అక్క ఫోన్ చేసింది. టూర్‌కి వెళ్దామంది. పెద్ద సిటీ, నాలుగు రోజులు, మనిద్దరమే. బావ రారా అనడిగాను. ఆయనకి పనులున్నాయంది. పెళ్ళయి ఇరవై ఏడేళ్ళు. బావ లేకుండా వీధి చివరి మందుల షాపుకి కూడా వెళ్ళిన మనిషి కాదు.

తర్వాత బట్టల సంగతికొచ్చింది. మూడు టాపులు, మూడు ప్యాంట్లు కుట్టాలట. మెడ కిందికి దిగకూడదు. చేతులు మోచెయ్యి దాటాలి. పొడుగు మోకాళ్ళ కిందికుండాలి. లేసులొద్దు, మెరుపులొద్దు. ఎంత నడిచినా ఒరుసుకోని మెత్తటి నూలు గుడ్డ కావాలి. ప్రార్థనా మందిరాల్లో ఒళ్ళు కప్పుకోకపోతే లోపలికి రానివ్వరట, అందుకని. ఇంతవరకూ బాగానే ఉంది. చివర్లో మాత్రం, నన్ను ఒకసారి చూసినవాళ్ళు మళ్ళీ తిరిగి చూడకూడదే సూదీ, అలా కుట్టు అంది.

సూది అంటే నేనే. నాకు పదమూడేళ్ళప్పుడు తగిలించింది ఆ పేరు.

పోయినసారి టాపు వెనక ముత్యాల గుండీలు మూడు చాలవు, అయిదు పెట్టమని ప్రాణం తీసిన మనిషి నోటి నుంచి వచ్చే మాటేనా ఇది?

ఫిబ్రవరి 15

కటింగ్ అయింది. లేత నీలం, ముదురు నీలం, బూడిద రంగు. కొలతలు పంపమంటావా అని అక్క మెసేజ్ పెట్టింది. నవ్వొచ్చింది. అక్కకి టేపు అక్కర్లేదు. ఛాతీ నలభై, నడుము ముప్పై ఆరు, భుజం పదిహేను. ఏటా రెండు జతలు ఇవే కొలతలతో కుట్టి పంపుతున్నాను. కళ్ళు మూసుకుని కత్తెర వెయ్యగలను. షాపుకొచ్చే వాళ్ళందరికీ ఈ సంగతి గొప్పగా చెప్తుంటాను కూడా.

నడవడానికి కాబట్టి రెండంగుళాల లూజు అదనంగా ఇచ్చాను. ప్యాంట్లకి వెడల్పు ఎలాస్టిక్, లోతు జేబులు. ఎండకీ గుడికీ పనికొచ్చేలా ఒక పెద్ద స్కార్ఫ్. కొత్త చెప్పులు కొనకు, అరిగిన పాతవే వేసుకో అని చీటీ రాసి పార్సిల్లో పెట్టాను. మా ఆయన టాపు ఎత్తి చూసి, ఇందులో ఇద్దరు అక్కలు పడతారు అన్నాడు. ఆయనకేం తెలుసు.

మార్చి 4, సాయంత్రం

స్టేషన్లో కలిసింది. ఏడాదిన్నరయింది చూసి. చిక్కిపోయింది. డైటింగా అన్నాను. అలాంటిదే అంది. ఈ వయసులో ఎవరికోసమో డైటింగు!

కాళ్ళకి నల్ల బూట్లు, సరికొత్తవి. ముందంతా మూసి, లేసులు కట్టి, స్కూలుపిల్ల వేసుకునేలాంటివి. చీటీ రాసి మరీ వద్దన్నాను కదా అంటే, బాగున్నాయిలే అంది. మడమ ఒరుసుకుని అప్పటికే కుంటుతోంది. బాగుండడం అంటే అదా?

లేత నీలం టాపు వేసుకుంది. కుదిరింది. ముందు మురిసిపోయాను. ట్యాక్సీలో సగం దూరం వచ్చాక తట్టింది. అంత చక్కగా ఎందుకు కుదరాలి? నేనిచ్చిన లూజు ఏమైంది?

అదే రోజు, 6.40

అక్క స్నానానికి వెళ్ళింది. టాపు కుర్చీ మీద ఉంది. తిరగేశాను.

నేను వేసిన పక్క కుట్టు అలాగే ఉంది. దానికి అంగుళంపావు లోపలగా ఇంకో కుట్టు. నల్లదారం. నీలం గుడ్డకి నల్లదారం! చంక దగ్గర మడత పడింది, దాన్ని ఎలాగో లోపలికి తోసేశారు. రెండు పక్కలా అంతే. నా చెయ్యి కాదు.

ఎవడో నా కటింగ్ మీద చెయ్యి వేశాడు. ఎవడో ఏంటి, నాకు తెలుసు. వాళ్ళ ఊళ్ళో బజారు మలుపులో అద్దాల తలుపుల షాపువాడు. వాడి బోర్డు గురించి అక్క ఒకసారి మెచ్చుకుంటూ చెప్పింది. నా బట్టలు వాడికిచ్చి బాగుచేయించుకుంది. బాగుచేయించుకుంది అని రాస్తుంటేనే ఒళ్ళు మండిపోతోంది. ఇన్నేళ్ళలో అక్క ఒంటి మీద నా కుట్టు తప్ప ఇంకొకరి కుట్టు పడలేదు. నాకు తనతో మిగిలిన చుట్టరికమే అది. ఫోన్లో మేం మాట్లాడుకునేది ఎంత? బాగున్నావా, బాగున్నాను.

అసలు అమ్మ కుట్టుమిషను కూడా అక్కకే ఇచ్చింది. టైలర్ని నేను, మిషను తనకి. తీసుకెళ్ళి మేడ మీద గదిలో పెట్టి దాని నెత్తిన పూలకుండీ పెట్టుకుంది. అదీ మర్చిపోలేదు నేను.

మార్చి 5

ఉదయం ప్రార్థనా మందిరం. గేటు దగ్గర బోర్డు: భుజాలు, మోకాళ్ళు కప్పి ఉండాలి. గేటు కాపలా ఆవిడ అక్కని పైనుంచి కిందికి చూసి, ఇలా రావాలమ్మా అందరూ అని మెచ్చుకుని లోపలికి పంపింది. నన్ను ఆపింది. నా టాపు చేతులు నెట్ గుడ్డవి. ముచ్చటపడి కుట్టుకున్నాను. కుదరదంది. లోపల లైనింగ్ ఉంది చూడండి, నేను టైలర్ని అన్నాను. టైలరైతే ఇంకా తెలియాలి కదమ్మా అని ఒక గోధుమరంగు దుప్పటి నా మీద కప్పింది. వెయ్యిమంది కప్పుకున్న వాసన. అక్క స్తంభం చాటుకి వెళ్ళి నవ్వుకుంది. చాలా రోజుల తర్వాత నవ్విన మనిషిలా పొట్ట పట్టుకుని నవ్వింది. నాకూ నవ్వొచ్చేది, నల్లదారం గుర్తురాకపోతే.

రెండింటికి కాళ్ళు లాగుతున్నాయంది. నువ్వు మ్యూజియం చూడు, నేను లాడ్జికి వెళ్ళి నడుం వాలుస్తానంది. వద్దనలేదు. గంటన్నర రాతి విగ్రహాల మధ్య తిరిగాను. ఒక్క విగ్రహమూ గుర్తులేదు. లాడ్జికొస్తే గది తాళంచెవి కౌంటర్లోనే వేలాడుతోంది. మేడమ్ పొద్దున్నించీ రాలేదే అన్నాడు కౌంటర్లో అతను.

అయిదింటికి వచ్చింది. హాయిగా నిద్రపట్టిందంది.

ఒళ్ళో, ఛాతీ మీద, చేతుల మీద తెల్లటి దారప్పోగులు. కుట్టుపని జరిగేచోట కూర్చుంటేనే అంటుకుంటాయి అవి. ముప్పై ఏళ్ళుగా నా ఒంటి మీద నుంచి నేను దులుపుకుంటున్నవే. అంటే ఈ ఊళ్ళో కూడా టైలరే! అద్దాల తలుపులవాడు చాలక ఇక్కడ ఇంకోడు. నాతో టూర్‌కొచ్చి, నేనుండగా, దొంగతనంగా ట్రయల్‌కి వెళ్తోంది.

మార్చి 6, మధ్యాహ్నం

కోట ఎక్కాం. రెండు వందల మెట్లు. అక్క బూట్లలో కాగితం మడిచి పెట్టుకుంది. పాతవి వేసుకోవచ్చుగా అంటే, వీటికి అలవాటు పడాలి అంది. టూర్‌కొచ్చి బూట్లకి అలవాటు పడడం ఏంటి? రెండింటికి మళ్ళీ కాళ్ళు లాగాయి.

మార్చి 6, 5.15

ఈసారి పచ్చ దారాలు.

మార్చి 6, 6 గంటలు

మా ఆయనకి ఫోన్ చేసి అంతా చెప్పాను. టూర్‌కి వెళ్ళావా డిటెక్టివ్ పని మీద వెళ్ళావా, నోరు తెరిచి అడగొచ్చుగా అన్నాడు. అడగను. తనే చెప్పాలి.

అక్క పళ్ళు కొనడానికి కిందికి దిగింది. బావకి ఫోన్ చేశాను. ఊరికే పలకరించినట్టు మాట్లాడి, మెల్లగా ఆ అద్దాల తలుపుల సంగతి లాగుదామని. బాగున్నారా బావా, మీరూ వచ్చుంటే బాగుండేది అన్నాను. ఎక్కడికి అన్నారు. నాకు అర్థం కాలేదు. అక్క గురించి అన్నాను. మీ అక్క మేడ మీదే ఉందిగా, ఆమె నంబర్‌కే చెయ్యమ్మా అని పెట్టేశారు.

మేడ మీద ఉందట. అక్క బ్యాగు నా ఎదురుగా మంచం మీద ఉంది. అక్క ఇల్లు వదిలి మూడు రోజులు.

 టైలరు కాదు. ఇంకేదో.

మార్చి 7, సాయంత్రం

 వరసగా రాస్తాను.

రెండింటికి అక్క బయల్దేరింది. నేను పడవ టికెట్టు కొన్నట్టు నటించి వెనకే నడిచాను. నడుస్తూ మనసులో అక్కకి అంటగట్టని పాపం లేదు. ఎవరో మగమనిషి ఉన్నాడనుకున్నాను. అప్పు చేసిందనుకున్నాను. ఏదైనా రోగమేమో, డాక్టర్ దగ్గరికేమో అనుకున్నాను. నిజంగానే ఒక పెద్ద ఆస్పత్రి దగ్గర ఆగింది.  కానీ ముందు గేటులోకి వెళ్ళలేదు. పక్క సందులోకి తిరిగింది.

సందు చివర బట్టలుతికే గది. ఆవిరి, సబ్బు వాసన. దాని పక్క గదికి జాలీ కిటికీ. లోపల ఆరు కుట్టుమిషన్లు. చిరిగిన తెల్ల దుప్పట్లు ఒక గుట్ట, ఆపరేషన్ గదుల పచ్చ గుడ్డలు ఒక గుట్ట. మూడో మిషను ముందు మా అక్క. తల వంచుకుని పచ్చగుడ్డకి అతుకు వేస్తోంది. మోచెయ్యి ఎత్తి పట్టుకుని కుడుతోంది. అలా కుడితే సాయంత్రానికి భుజం పడిపోతుంది. నాకు ముందు కనబడింది అదే. నా బుద్ధి.

మోచెయ్యి దించు అని కిటికీలోంచి అరిచాను.

ఆరు మిషన్లూ ఆగాయి.

సూపర్వైజరమ్మ పది నిమిషాలు వదిలింది. బయట నీళ్ళ ట్యాంకు పక్కన బెంచీ మీద కూర్చున్నాం. అక్క నేల చూస్తూ చెప్పింది. బావ తనతో మాట్లాడి పద్నాలుగు నెలలైందట. ఏదో చిన్న మాట పట్టింపు. ఆ తర్వాత ఒక్క పలుకు లేదు. ఏం కావాలన్నా ఫ్రిజ్ మీద చీటీ. కొట్టలేదు, తిట్టలేదు, ఎవరికని చెప్పుకోను అంది. పిల్లలు లేని ఇల్లు. తను మేడ మీదికి మారింది, వంటా అక్కడే. ఎదురుగా మనిషి ఉండి పలక్కపోతే ముద్ద దిగదే సూదీ అంది. ఇక్కడ ఈ పని ఉందని పేపర్లో చూసిందట. ఉండడానికి స్టాఫ్ హాస్టల్లో గది ఇస్తారట. మూడు రోజులు రోజుకి మూడు గంటలు ట్రయల్, ఇవాళ తేలుస్తారు. మోచెయ్యి దాటిన చేతులు, మూసిన మెడ, మూసిన బూట్లు, ఇవి ఇక్కడి రూలు. ప్రార్థనా మందిరం రూలుతో సరిపోయాయి, నీకు అబద్ధం చెప్పడం తేలికైంది అంది.

బావకి ఫోన్ చేశానని ఒప్పుకున్నాను. అక్క తలెత్తి చూసింది. ఏమన్నారు అంది. దాచాలనుకున్నాను, దాచలేకపోయాను. నువ్వు మేడ మీద ఉన్నావన్నారు అని చెప్పాను.

అక్క బూటు లేసు విప్పి మళ్ళీ కట్టుకుంది. గదిలో లైటు వేసే వచ్చాలే అంది తర్వాత. పోనీ, వెళ్ళిపోతున్నానని చీటీ రాసే పని తప్పింది అంది. నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది.

మరి ఆ నల్లదారం ఎవరిది, ఏ టైలరు అని అడిగాను. సిగ్గులేకుండా అప్పుడు కూడా అదే అడిగాను. నేనే అంది. పోయినేడు కొంచెం లోపలికి కుట్టుకుంది. ఈ ఏడు చాలా. కుండీ దించేసి అమ్మ మిషను మీద కుట్టుకుంది. పాత టాపుల మీద నా కుట్లు ఒక్కొక్కటీ విప్పి, ఎలా వేశానో చూసి, మళ్ళీ వేసి నేర్చుకుందట. మొదటిరోజు సూపర్వైజరమ్మ టాపు అంచు తిరగేసి, చక్కటి కుట్టు ఎవరిది, వంకర కుట్టు ఎవరిది అనడిగిందట. చక్కటిది మా చెల్లిది, వంకరది నాది, దాన్ని చూసే నేర్చుకుంటున్నాను అందట. దానికే ట్రయల్ ఇచ్చింది.

నాకు ముందే ఎందుకు చెప్పలేదు అని గట్టిగా అరిచాను. నా గొంతు నాకే అసహ్యంగా వినబడింది. అక్క గట్టిగా అనలేదు. కొలతలు పంపమంటావా అని రెండేళ్ళూ అడిగాను కదే అంది. పంపితే నీకే తెలిసిపోతుంది, నా నోటితో చెప్పక్కర్లేదు అనుకున్నాను అంది.

నేను ఏడ్చాను. అక్క ఏడవలేదు. నా నెట్ చేతులు సర్దింది. లోపల లైనింగ్ ఉందిలే అంది.

అయిదింటికి సూపర్వైజరమ్మ బయటికొచ్చి అక్క చేతిలో యూనిఫాం గుడ్డ పెట్టింది. తెలుపు, రెండు జతలకి సరిపడా. మీ చెల్లి చేత కుట్టించుకోండి అంది.

మార్చి 8, ఉదయం 7

కిటికీ దగ్గర నిలబెట్టాను. కదలకు అన్నాను. టేపు పట్టుకుని కొలిచాను.

భుజం 14. ఛాతీ 35. నడుము 29. చెయ్యి, మోచెయ్యి కిందికి 16. పొడుగు 42.

రెండు పక్కలా లోపల రెండేసి అంగుళాల గుడ్డ వదలాలి. ఒళ్ళు చేస్తుంది.