డబ్బాలో పడే మూత

జూలై 7, సోమవారం
ఆఫీసులో కొత్తవాడు చేరాడు. పేరు శశిధర్, ఊరు రాజమండ్రి, ఇంజినీరింగ్ చదివాడు. ముప్పై దాటాయి. ప్రతి మాటకీ చివర అండి తగిలిస్తాడు, కుర్చీని కూడా కూర్చోవచ్చా అండి అని అడిగేలా ఉన్నాడు.

శాలిబండలో మెట్లెక్కితే మా ఆఫీసు. ఏసీ ఒకటే, అది రామ్‌చందర్ సేఠ్ రూములో. ఇన్నాళ్లూ డ్రాయింగులు గీసేది నేనొక్కణ్నే. ఏడో తరగతిలో బడి మానేసి, వెల్డింగ్ చేస్తూ చేస్తూ ఆటోక్యాడ్‌లోకి వచ్చాను. వైకుంఠం, ఈయనకు డిష్ ఎండ్ గీసుడు నేర్పు అన్నాడు సేఠ్. నేర్పుతాను. నేర్చుకున్నాక నాతో ఏం పని అన్నది సేఠ్ చెప్పలేదు.

జూలై 8
రోజంతా ఏం గీస్తవయ్యా అని మా ఆవిడ విమల అడిగింది. మూతలు అన్నాను. డిష్ ఎండ్ అంటే అదే. ప్రెషర్ ట్యాంకుకి రెండు చివర్లా బోర్లించిన గిన్నెల్లాంటి మూతలు. నడుమ పెద్ద వంపు, అంచు దగ్గర చిన్న వంపు. ఆ చిన్న వంపు పేరు నకిల్. గంతేనా అంది. అంతే.

జూలై 9
ప్రెస్ చేసేటప్పుడు నకిల్ పగలకుండా ఒక పౌడర్ రాస్తారు, ఉస్మాన్‌గంజ్‌లో దొరుకుతుంది, అర కిలో పట్టుకురా అని శశిధర్‌కి చెప్పాను. వెళ్లాడు.

అక్కడివాళ్లు నాకంటే ముదుర్లు. మొదటి దుకాణంవాడు మాల్ ఖతమ్, పక్కన అడుగు అన్నాడట. పక్కవాడు ఎదురుగా పంపాడట. చివరికి ఒకాయన ఏ సైజు నకిల్ అని అడిగి మరీ పొట్లం కట్టిచ్చాడు. విప్పితే శొంఠి పొడి.

నవ్వి నవ్వి కడుపు నొచ్చింది. శశిధర్ కూడా కాస్త నవ్వాడు, ఎందుకో తెలియకుండా. శొంఠి ఇంటికి తెచ్చాను. విమల చాయ్‌లో వేసింది, మస్తుగుంది.

జూలై 10
సేఠ్ పిలిచాడు. మజాక్ చాయ్ కాడ చేస్కో, పని మీద ఇంకొక్కసారి చేసినవో నీ కుర్చీ శశిధర్‌కిస్త అన్నాడు. నవ్వుతాడేమోనని చూశాను. నవ్వలేదు.

జూలై 14
పన్నెండు వందల ఎమ్మెమ్ ట్యాంకు మూతల డ్రాయింగ్ కాటేదాన్‌లో మా ప్రెస్ షెడ్డుకి పంపాను. అక్కడ ప్రెస్ నడిపే ఆగయ్య బుధవారం ఎక్కిస్తాడట.

జూలై 16, పొద్దున
తప్పు దొరికింది. నాదే.

పాత ఫైలు తెరిచి, పేరు మార్చి పంపాను. ఎప్పుడూ చేసే పనే. ఆ పాత మూతకి పన్నెండు వందలు బయటి కొలత. ఈ ట్యాంకుకి పన్నెండు వందలు లోపలి కొలత. ట్యాంకు రేకు గుండ్రంగా చుట్టే రోలింగ్ కూడా అయిపోయింది. ఈ మూత దాని మీద కూర్చోదు, డబ్బాలో పడ్డట్టు లోపల పడుతుంది.

ఆగయ్యకి ఫోన్ చేసి ప్రెస్ ఆపమన్నాను. పోయిన నెల ఇన్‌స్పెక్టర్ వస్తుండని నువ్వంటే షెడ్డంత కడిగిస్తి, ఇస్త్రీ అంగీ తొడుక్కోని గేటు కాడ నిలబడితి, ఇంకెంత నమ్మాలె వైకుంఠమన్నా అని పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

సేఠ్‌కి చేశాను. మొన్ననే చెప్పిన గదా, గప్పుడే షురూ చేసినవా అన్నాడు. ఒట్టు వేశాను. నీ ఒట్లు నాకెర్కే అన్నాడు.

నేనే పోదామనుకున్నాను. కానీ నన్ను గేట్లో చూస్తే ఆగయ్య ఇంకా గట్టిగా నవ్వి, నా ముందే ప్రెస్ నొక్కుతాడు.

శశిధర్ పక్క నుంచి అంతా వింటున్నాడు. కుర్చీ వచ్చేది వాడికే. ఊరికే కూర్చుంటే చాలు. లేచి, స్క్రీన్ మీద కొలత ఒకసారి చూశాడు, టేపు జేబులో వేసుకున్నాడు. కాటేదాన్‌కి షేర్ ఆటో ఎక్కడ దొరుకుతుందండి అన్నాడు.

జూలై 16, సాయంత్రం
ఒక మూత అప్పటికే అయిపోయింది. రెండోది ప్రెస్ కింద ఉండగా ఆపించాడు. ఆగయ్య మొదట, నిన్ను గూడ తయారు చేసిండా వైకుంఠమన్న అన్నాడట. శశిధర్ మూతకి, తర్వాత ట్యాంకుకి టేపు పట్టి చూపించాడట.

నేను చెప్తే ఎందుకు నమ్మావని అడిగాను. మీరు చెప్పారు కదండి అన్నాడు.

శొంఠి పొడి అప్పుడు కూడా నేనే చెప్పాను కదా అన్నాను.

అప్పుడూ నమ్మానండి అన్నాడు.

 

జూలై 17
సేఠ్ అరవలేదు, అదే భయం వేసింది. నీ కుర్చీ నీకే ఉండనీ, కానీ శశిధర్ సంతకం లేంది ఒక్క కాయితం గూడ బయటికి పోవద్దు అన్నాడు. ఆయన గీసినవి ఎవరు చూస్తరు అని అడిగాను. అవి చూసే పని లేదు అన్నాడు.

పాడైన మూత ఆగయ్య షెడ్డు బయట పడి ఉందట. వాన నీళ్లు నిలిస్తే మేకలు తాగుతున్నాయట.

జూలై 22
కొత్త మూతల డ్రాయింగ్ పొద్దుటి నుంచి శశిధర్ టేబుల్ మీద ఉంది. అందులో తప్పేమీ లేదు. వాడు మూడోసారి కొలుస్తున్నాడు. తప్పు లేదని నేను చెప్పడం లేదు. చెబితే నాలుగోసారి కొలుస్తాడు.