గుమ్మంలో నిలబెట్టే శిక్ష

సుగుణక్కా,

నువ్వు చదవవని తెలిసే రాస్తున్నాను. షామీర్‌పేట దగ్గరి మన దవాఖానాలో, తప్పు చేసిన నర్సును టోపీ తీయించి, మళ్లీ పెట్టుకోమనేదాకా వార్డు గుమ్మంలో నిలబెట్టే ఆచారం నీ చావుతో ఆగలేదు. నువ్వు జ్వరంతో నిలబడ్డ చోటే ఈ ఉదయం రావల్కోల్ నుంచి వచ్చిన కొత్తపిల్ల మరియమ్మను నిలబెట్టారు. యుద్ధం మూలంగా థర్మామీటర్లు దొరకని ఈ రోజుల్లో ఒకటి పగలగొట్టిందట.

నేనూ టోపీ తీసి ఆమె పక్కన నిలబడ్డాను. నన్ను చూసి మిగతా నర్సులూ వచ్చారు.

"ఏందే గిది? మందులెవరిస్తరు?" అని పెద్ద నర్సమ్మ అరిచింది.

"మేమే ఇస్తమమ్మా, గీ నిలబెట్టుడు బందు జేస్తే. పిల్లకు పని నేర్పాలె గని, అందరి ముంగట ఇజ్జత్ తీస్తరా?" అన్నాను.

రోగులంతా పెద్ద నర్సమ్మనే చూస్తున్నారు. "సరే, బందు. పోండ్రి," అంది.

నేను తీసింది, నువ్వు పోయాక నేను పెట్టుకుంటున్న నీ టోపీనే, అక్కా. మళ్లీ పెట్టుకోవడానికి ఎవర్నీ అడగలేదు.